రెల్లు దుబ్బు నుంచి నాలుగొందల పంతొమ్మిది దాకా

మా ఊళ్ళో చెరకు రకాలను నెంబర్లతోనే పిలిచేవారు. "దిగువ మడిలో నాలుగొందల పంతొమ్మిది ఏసేం, మెరక మీద తొమ్మిదొందల తొంభయ్యేడు పెట్టేం" అని తాత అంటే, అరుగు మీద కూర్చున్నవాళ్ళకి ఇంకేమీ వివరించక్కర్లేదు. దేనికి రసం ఎక్కువ దిగుతుందో, ఏది గాలికి పడిపోతుందో, ఏది కార్శికి, అంటే కోసిన దుబ్బు మళ్ళీ చిగురించి ఇచ్చే పంటకి, బాగుంటుందో అందరికీ తెలుసు. అనకాపల్లికి దగ్గర్లో, శారదా నది పక్కన ఉన్న ఊరు మాది. అప్పట్లో అదంతా విశాఖపట్నం జిల్లాయే. 2022లో అనకాపల్లి విడి జిల్లా అయింది గానీ, నా వయసువాళ్ళ నోటికి ఇప్పటికీ విశాఖ జిల్లా అనే వస్తుంది. ఉద్యోగం పేరుతో విశాఖ వచ్చి మురళీనగర్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఆ నెంబర్లు మాత్రం మర్చిపోలేదు.

వాటి వెనక ఏముందో నాకు చెప్పినవాడు మా మావయ్య. అమ్మకి స్వయానా తమ్ముడు. అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రంలో పొలం పనికి చేరి, అక్కడే రిటైరయ్యాడు. చదివింది ఎనిమిదో తరగతి. కానీ శాస్త్రవేత్తలు పొలంలో మాట్లాడుకునే ప్రతి మాటా చెవిన వేసుకునేవాడు. అర్థం కాకపోతే మొహమాటం లేకుండా అడిగేవాడు. సెలవులకి మా ఇంటికి వచ్చినప్పుడల్లా అదే కబుర్లు. పెద్దయ్యాక నేను ఆ విషయాలు చదువుకుంటూ పోతే, మావయ్య చెప్పిన వాటిలో పెద్దగా తేడా ఏమీ కనిపించలేదు.

ఈ కథ మన జిల్లాలో మొదలవలేదు. పక్కన గోదావరి డెల్టాలో మొదలైంది. 1900 ప్రాంతంలో అక్కడి చెరకు తోటలకి ఒక తెగులు తగిలింది. పచ్చగా ఉన్న తోట పైనుంచి పసుపు తిరిగి, గడ లోపల కుళ్ళి, కోత నాటికి పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయేది. అప్పుడు మద్రాసు ప్రభుత్వంలో వృక్షశాస్త్రజ్ఞుడుగా ఉన్న సి.ఎ. బార్బర్ ఆ తోటలు తిరిగి చూసి 1901లో దాని గురించి రాశాడు. ఆ తెగులు పని పట్టడానికే 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం పెట్టారు. తెగులుకి కారణమైన బూజుని అంతకు ముందే, 1893లో, జావాలో వెంట్ అనే ఆయన గుర్తించాడు. 1906లో బట్లర్ అనే శాస్త్రవేత్త దానికి 'రెడ్ రాట్' అని పేరు పెట్టాడు. మనం ఎర్రకుళ్ళు తెగులు అంటున్నది దాన్నే.

సామర్లకోటలో వాళ్ళు చేసిన మొదటి పని, దేశదేశాల చెరకులు తెచ్చి పక్కపక్కనే నాటి, ఏది తట్టుకుంటుందో చూడటం. మారిషస్ నుంచి వచ్చిన ఎర్ర చెరకు లాంటివి నిలబడ్డాయి. రైతులు వాటికి మారారు. ఆ గండం అలా గట్టెక్కింది. అయితే అది ఉన్నవాటిలో మంచిదాన్ని ఏరుకోవడమే. కొత్త చెరకుని పుట్టించడం అప్పటికి మన దేశంలో ఎవరి వల్లా కాలేదు. ఎందుకు కాలేదో తెలియాలంటే చెరకు తీరు కొంచెం తెలియాలి.

చెరకుని విత్తనంతో వేయం. గడని మూడేసి కళ్ళు ఉండేలా ముచ్చెలుగా నరికి, కాలువల్లో పరుస్తాం. ఎకరానికి పదహారు వేల ముచ్చెలు పడతాయి. ప్రతి కన్నూ మొలిచి గడ అవుతుంది. ఆ మొక్క తల్లికి అచ్చంగా నకలు. తాత వేసిన చెరకూ, తాత తండ్రి వేసిన చెరకూ ఒకే రకమైతే, అది నిజానికి ఒకే మొక్క, తరాల తరబడి ముక్కలవుతూ వచ్చింది. అందులో మార్పు రాదు. తల్లి ఏ తెగులుకి లొంగదో పిల్లా దానికి లొంగదు, తల్లి దేనికి పడిపోతే పిల్లా దానికే పడిపోతుంది. పైగా తెగులు ఉన్న తోటలో ముచ్చెలు కొట్టుకొస్తే, తెగులుని కూడా మన చేత్తోనే బండెక్కించి ఇంటికి తెచ్చుకున్నట్టే.

కొత్త రకం కావాలంటే చెరకు పూత పూయాలి, గింజ కట్టాలి, ఆ గింజ మొలవాలి. చెరకు గింజ మొలుస్తుందనే సంగతి ప్రపంచానికి గట్టిగా తెలిసింది 1888 ప్రాంతంలో, జావాలోనూ బార్బడోస్‌లోనూ దాదాపు ఒకేసారి. గింజ నుంచి వచ్చే మొక్కలు ఒకదానికొకటి పోలిక ఉండవు. ఒక తల్లి కంకిలో వేల గింజలుంటే వేల రకాలు. అందులో మనకి కావలసింది ఒక్కటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఉత్తరాదిలో చెరకు సరిగా పూయదు, పూసినా గింజ కట్టదు. కోయంబత్తూరులో మాత్రం అక్టోబరు, నవంబరు నెలల్లో చెరకు విరగబూసి గింజ కడుతుంది. అందుకే 1912లో అక్కడ చెరకు ప్రజనన కేంద్రం పెట్టి, దాన్ని బార్బర్ చేతికే ఇచ్చారు. గోదావరి తోటలు కుళ్ళడం కళ్ళారా చూసినవాడే దేశానికంతటికీ కొత్త చెరకు పుట్టించే పనికి కూర్చున్నాడు. ఆ మరుసటేడే, 1913లో, అనకాపల్లిలో మన కేంద్రం వచ్చింది. పుట్టించేది అక్కడ. మన నేలకీ, మన ఎండకీ, మన శారదా నీళ్ళకీ ఏది పనికొస్తుందో తేల్చేది ఇక్కడ.

దసరా రోజుల్లో ఏటి ఒడ్డంతా రెల్లు పూసి తెల్లగా ఉండేది. ఓసారి మావయ్య నన్ను వెంటబెట్టుకుని ఇసకలోకి దిగి, ఒక రెల్లు గడ పీకి, ఆకులు ఒలిచి, "నమిలి సూడు" అన్నాడు. వేలంత కూడా లావు లేదు. బెండు. నమిలితే నీళ్ళ చప్పదనం, చివర్లో ఎక్కడో ఒక్క పిసరు తీపి.

"తీపుందా?"

"కొంచెం ఉంది మావయ్యా."

"అదే మరి. ఇదీ చెరకూ ఒకింటి పిల్లలే అల్లుడూ. ఈ రెల్లు నేకపోతే మీ తాత గానుగాడించీవోడు కాదు."

అప్పుడు నాకు ఆ మాట తలకెక్కలేదు. తర్వాత చదివితే తెలిసింది, అది అక్షరాలా నిజమని. దక్షిణాదిన పండించే లావు చెరకుకి తీపీ రసమూ ఉన్నాయి గానీ ఒళ్ళు సుకుమారం. చలికి, నీటి ఎద్దడికి, తెగులుకి తట్టుకోదు. రెల్లుకి తీపి లేదు గానీ వరద వచ్చి వారం రోజులు ముంచినా, ఎండాకాలం మొత్తం మాడినా మళ్ళీ చిగురేస్తుంది. వెల్లై అనే లావు చెరకుని తల్లిగా పెట్టి, కోయంబత్తూరు చుట్టుపక్కల మొలిచే రెల్లు పుప్పొడి దాని మీద వేయించాడు బార్బర్. ఆయన పక్కన ఉండి ఆ పని చేసినవాడు టి.ఎస్. వెంకట్రామన్. అలా వచ్చిన మొక్కల్లోంచి ఏరినదే కో 205. 1918లో విడుదలైంది. 'కో' అంటే కోయంబత్తూరు. పంజాబులో అంతకు ముందు వేసే సన్న చెరకుల కన్నా అది దాదాపు సగం ఎక్కువ దిగుబడి ఇచ్చింది. ఏటి గట్టున ఎవరూ పట్టించుకోని గడ్డిని తెచ్చి పంటకి తండ్రిని చేయాలన్న ఆలోచన ఎంత ధైర్యమైనదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

1919 నుంచి వెంకట్రామన్ ఆ పని మొత్తం భుజాన వేసుకుని 1942 దాకా నడిపాడు. కో 281, కో 290, కో 312, కో 313 అన్నీ ఆ కాలపువే. వాటిలో కొన్ని సముద్రాలు దాటాయి. అమెరికాలో లూసియానా తోటల్ని మొజాయిక్ తెగులు దెబ్బతీసినప్పుడు అక్కడ నిలబడ్డ వాటిలో మన కో 281, కో 290 కూడా ఉన్నాయి. ఇదంతా మన బడి పుస్తకాల్లో ఎక్కడా కనపడదు, అది నాకు చాలా బాధగా ఉంటుంది. వృక్షశాస్త్రజ్ఞురాలు జానకి అమ్మాళ్ కూడా 1934 నుంచి కొన్నేళ్ళు కోయంబత్తూరులోనే పనిచేసింది. చెరకుని మొక్కజొన్నతో కలిపి మొక్క మొలిపించిన మనిషి ఆమె. 1977లో పద్మశ్రీ ఇచ్చారు. మావయ్య ఆమె పేరు వినలేదు. నేను చెప్తే, "ఆడమనిషి ఆ రోజుల్లో!" అని చాలాసేపు అదే మాట అనుకున్నాడు.

మొదట్లో కోయంబత్తూరు రకాలన్నీ ఉత్తరాది కోసమే. మనకి కావలసిన లావు చెరకు మీద వాళ్ళు గట్టిగా కూర్చుంది తర్వాత. అక్కడ జావా వాళ్ళ సాయం కలిసింది. జావాలో యెస్వీట్ అనే డచ్చి శాస్త్రవేత్త 1921లో పీఓజే 2878 అనే చెరకుని తీశాడు. రెల్లు రక్తం ఉన్న సంకరాన్ని మళ్ళీ మళ్ళీ లావు చెరకుతో కలిపి, రెల్లు మొండితనం ఉంచుతూనే తీపీ లావూ తిరిగి రాబట్టిన రకం అది. ఆ పీఓజే 2878ని తల్లిగా, మన కో 290ని తండ్రిగా పెడితే పుట్టినదే కో 419, మా తాత నాలుగొందల పంతొమ్మిది. 1930లలో వచ్చింది. దక్షిణ దేశమంతా దశాబ్దాల పాటు రాజ్యమేలింది.

అదే కాలంలో ఉత్తరాదిన గోధుమ మీద కూడా ఇలాంటి పనే జరిగింది. హోవర్డ్ దంపతులు, ఆల్బర్టూ గాబ్రియెల్లూ, 1905 నుంచి బీహారులోని పూసాలో కూర్చుని రైతుల పొలాల్లో కలగాపులగంగా ఉన్న గోధుమ మొక్కల్ని విడివిడిగా ఏరి, పూసా 4, పూసా 12 లాంటి రకాలు తీశారు. గోధుమ తన పువ్వులో తానే గింజ కట్టుకుంటుంది. మంచి మొక్క ఒకటి దొరికితే దాని గింజలు జల్లితే చాలు, అదే మంచితనం వస్తూ ఉంటుంది. చెరకుకి ఆ సుఖం లేదు. గింజ జల్లితే తల్లి పోలిక పోతుంది, ముచ్చె నాటితే మార్పు రాదు. రెంటి మధ్యా దారి వెతుక్కుంటూ పోవాలి. అందుకే చెరకువాళ్ళ ఓపికంటే నాకు ఎక్కువ గౌరవం. మా ఇంట్లో తిన్నది ఆ బెల్లమే కాబట్టి కాస్త పక్షపాతం కూడా ఉండొచ్చు.

నాలుగొందల పంతొమ్మిది మా ఊరికి వచ్చిన రోజుల్ని తాత చెప్తుంటే వినాలి. అంతకు ముందు వేసినవి నామాల చెరకు, నల్ల చెరకు, తర్వాత జావా రకమూ. నామాల చెరకంటే గడ నిలువునా చారలుంటాయి. మెత్తగా, పళ్ళకి సుఖంగా ఉండేవి. ఆ సుఖం మనుషులకే కాదు, నక్కలకీ అడవి పందులకీ కూడా. రాత్రంతా కాపలా కాయాలి. గాలివానొస్తే పడుకునేవి. తెగులొస్తే అంతే సంగతులు. కొత్త చెరకు ముచ్చెలు కేంద్రం నుంచి బండి మీద తెచ్చినప్పుడు ఊళ్ళో సగం మంది నమ్మలేదట. "సర్కారోడి సెరుకు మనకెందుకు" అన్నారట. తాత అర ఎకరంలో వేశాడు. ఏడాది తిరిగేసరికి గడలు మనిషి మీద మనిషి ఎత్తు లేచాయి, పట్టుకుంటే పిడికిలి నిండింది. ఆ ఏడు ఆ మడిలో ముచ్చెల కోసం మా వాకిట్లో మనుషులు నిలబడ్డారని నాయనమ్మ చెప్పేది. ఆవిడకి గుర్తున్నది దిగుబడి కాదు, వచ్చినవాళ్ళందరికీ మజ్జిగ ఇవ్వలేక చచ్చాననే.

ఆ కాలం కూడా కలిసొచ్చింది. అంతవరకూ మన దేశం తినే పంచదారలో చాలా భాగం జావా నుంచి ఓడల్లో దిగేది. 1932లో చక్కెర పరిశ్రమకి రక్షణ చట్టం వచ్చి దిగుమతి మీద సుంకం పెరిగింది. దేశంలో ముప్ఫై దాకా ఉన్న ఫ్యాక్టరీలు కొద్ది ఏళ్ళలోనే వంద దాటాయి. చట్టం ఒక్కటే ఉంటే సరిపోయేది కాదు, ఫ్యాక్టరీకి వేయడానికి చెరకు ఉండాలి కదా. ఆ చెరకు కోయంబత్తూరు నుంచి అప్పటికే సిద్ధంగా ఉంది. మన వైపు ఏటికొప్పాక, తుమ్మపాల, చోడవరం ఫ్యాక్టరీలు వచ్చాయి. అయినా అనకాపల్లి చుట్టుపక్కల రైతు మనసు మాత్రం బెల్లం మీదే.

గానుగ సీజను మొదలైతే మాకు బడి మీద ధ్యాస ఉండేది కాదు. నాకు తెలిసేసరికే ఎద్దుల గానుగలు తగ్గి, ఇంజను గానుగలు వచ్చేశాయి. తెల్లవారుజామున చలిలో గానుగ దగ్గరికి వెళ్తే, పెనం కింద పిప్పి మంట భగభగ మండుతూ ఉండేది. రసం కాగడం మొదలయ్యాక మురికంతా తెట్టుగా పైకి తేలుతుంది. పెద్ద చిల్లుల గరిటెతో దాన్ని తీస్తూ ఉండాలి. సున్నం నీళ్ళు కొద్దిగా, బెండ మొక్క కాడలు దంచి తీసిన జిగురు కొద్దిగా వేస్తే తెట్టు బాగా విడుతుంది. సున్నం ఎక్కువైతే రంగు పోతుంది, తక్కువైతే దిమ్మ గట్టిపడదు. మా పెనం దగ్గర ఆ లెక్క తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఏ కొలతా లేకుండా చేత్తోనే వేసేవాడు. పాకం ఎర్రబడి బుడగలు చిన్నవై టపటపమనే వేళకి, ఒక బొట్టు చన్నీళ్ళలో వేసి వేళ్ళ మధ్య ఉండ చేసి చూసేవాడు. ఉండని పెనం అంచుకేసి కొడితే టంగుమని మోగాలి. మోగిందా, ఇక ఒక్క క్షణం ఆగడానికి లేదు, అందరూ కలిసి పెనం దించాల్సిందే. టన్ను చెరకు ఆడితే సుమారు వంద కిలోల బెల్లం వచ్చేది. మాకు మాత్రం పెనం గీకిన అడుగు పాకం, చెరకు ముక్కకి చుట్టుకుని.

అక్కడే రకం సంగతి బయటపడేది. ఒకే నేల, ఒకే నీళ్ళు, ఒకే మనిషి వండినా ఒక చెరకు బెల్లం బంగారు రంగులో గట్టిగా నిలిచేది, ఇంకో చెరకు బెల్లం నల్లగా చెమ్మ కారేది. పరిశోధన కేంద్రంలో కూడా దిగుబడితో పాటు బెల్లం రంగునీ, నిలవనీ చూసేవారు. ఫ్యాక్టరీకి చెరకు తోలే ప్రాంతాల్లో ఆ గొడవ అక్కర్లేదు. మన అనకాపల్లిలో అది లేకపోతే రైతుకి ఆ రకం దండగే. ఎందుకంటే మార్కెట్లో ధర తేల్చేది రంగు. బండ్ల మీద వచ్చిన దిమ్మల్ని కళాసీలు దించి వరసల్లో పేర్చేవారు, కొలగార్లు తూకం వేసేవారు, కొనేవాళ్ళు ఒక దిమ్మ మూల గోటితో గీకి నోట్లో వేసుకుని ధర చెప్పేవారు. మొదటి రకానికీ మూడో రకానికీ మధ్య తేడా రైతు ఇంట్లో ఆ ఏడు పెళ్ళి జరుగుతుందా లేదా అన్నంత. ఒరిస్సా, బెంగాల్ దాకా వెళ్ళేది ఆ బెల్లం. తర్వాతి కాలంలో రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలపడం మొదలైంది. అది చూసినప్పుడల్లా మావయ్యకి కోపం వచ్చేది. చెరకు ఇచ్చిన రంగు చాలదా అని.

ఒకసారి మావయ్య నన్ను కేంద్రంలోకి తీసుకెళ్ళాడు. ఒక చిన్న మడిలో నారు లాంటివి కనిపించాయి. వరి నారు అనుకున్నాను. చెరకు నారట! కంకి నుంచి రాలే నూగు దూదిలా ఉంటుంది, గింజ అందులో ఎక్కడో కంటికి ఆనదు. ఆ నూగునే ట్రేల్లో మట్టి మీద పరిచి మొలిపిస్తారు. కోయంబత్తూరులో కలిపిన జంటల నూగు ఇక్కడికి వస్తుంది. ఇక్కడ మొలిపించి, ఇక్కడ ఏరితే, ఆ రకం పేరులో 'కో' పక్కన 'ఎ' చేరుతుంది. అనకాపల్లి అని. మొదటి ఏడు వేల మొక్కలు నాటితే, సన్నగా ఉన్నవి, పూత తొందరగా వచ్చేవి, పిలకలు లేనివి తీసేస్తారు. మిగిలినవి మరుసటేడు వరసల్లో. ఆ పై ఏడు మడుల్లో, పక్కన పాత రకాన్ని పోటీకి పెట్టి. తర్వాత తెగులు ఎక్కించి పరీక్ష. తర్వాత వేరే ఊళ్ళలో. ఇలా ఏరుకుంటూ పోతే ఒక రకం రైతుకి చేరడానికి పదేళ్ళు దాటుతుంది. ఆ పదేళ్ళలో ఎక్కడ తప్పటడుగు పడినా మళ్ళీ నారు మడి దగ్గర నుంచే.

ఆ రోజే బ్రిక్స్ చూడటం నేర్పాడు. అరచేతిలో పట్టే చిన్న గొట్టం, దాని కొసన అద్దం. గడ మధ్యలో సూదితో పొడిచి రెండు బొట్లు రసం ఆ అద్దం మీద వేసి, మూత మూసి, వెలుతురు వైపు పెట్టి కంటికి ఆనించాలి. లోపల పైన నీలం, కింద తెలుపు, మధ్యన ఒక గీత. ఆ గీత ఏ అంకె దగ్గర ఆగిందో అదే తీపి లెక్క. ఒక మొక్కకి పదహారు దగ్గర ఆగింది, దాని పక్కదానికి ఇరవై దాటింది. రెండూ ఒకే తల్లి కంకిలోవి. మావయ్య ఆ అంకె గట్టిగా చదివితే, పక్కనున్న ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. ఎండలో, చెరకు ఆకు చేతులు కోస్తుంటే, వరస వెంట వరస, అలా సాయంత్రం దాకా. మోచేతుల దాకా గీతలు పడిన ఆ చేతులు నాకు బాగా గుర్తు. విడుదలైన రకం పేరు పక్కన శాస్త్రవేత్త పేరు ఉంటుంది, ఉండాలి కూడా. ఆ అంకెలు చదివినవాళ్ళ పేర్లు కూడా ఎక్కడో ఒకచోట ఉంటే బాగుండేదని నా కోరిక. ఆ కేంద్రం ఒక్క చెరకుతోనే ఆగలేదు, చోడి (రాగి) మీద కూడా పనిచేసి ఏకేపీ పేరుతో రకాలు ఇచ్చింది. మా ఇంటి అంబలిలోకి కూడా ఆ చేతులే వచ్చాయన్నమాట.

నాలుగొందల పంతొమ్మిది తర్వాత మా వైపు తొమ్మిదొందల తొంభయ్యేడు, అంటే కో 997, ఊపందుకుంది. తొందరగా పండుతుంది, తీపి ఎక్కువ, బెల్లం బాగుంటుంది. ఊరు ఊరంతా అదే వేసింది. నేను హైస్కూల్లో ఉండగా ఒక ఏడు, వానలు తగ్గాక, మెరక మడిలో నాన్న ఒక దుబ్బు దగ్గర ఆగిపోయాడు. మొవ్వు కింద మూడో ఆకూ నాలుగో ఆకూ పసుపు తిరిగాయి, మిగతాదంతా పచ్చగానే ఉంది. గడ నరికి నిలువునా చీల్చాడు. లోపల ఎర్రగా, ఆ ఎరుపులో అడ్డంగా తెల్లటి మచ్చలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన. నాన్న ఏమీ అనలేదు, పక్క దుబ్బు చీల్చాడు. దాని పక్కది చీల్చాడు. కబురు పంపితే మావయ్య సైకిల్ మీద వచ్చి, ఒక్కటే చూసి, "బావా, కార్శి వదలకు. దుబ్బులు తవ్వి కాల్చేయ్. ఈ మడిలో ఓ రెండేళ్ళు వరెయ్" అన్నాడు. గోదావరిలో బార్బర్ చూసిన తెగులే అది, డెబ్బై ఏళ్ళ తర్వాత మా మడిలోకి వచ్చింది. ఆ ఏడు అక్క పెళ్ళి వాయిదా పడింది. ఇంట్లో టెన్షన్ ఎలా ఉండేదంటే, గడ చీల్చే కత్తి చప్పుడు వింటేనే అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేసేది.

ఒకే రకం మీద ఊరంతా ఆనుకుంటే ఏమవుతుందో అప్పుడు అందరికీ అర్థమైంది. ఎర్రకుళ్ళు బూజు కూడా ఊరుకోదు, తట్టుకునే చెరకు వస్తే దాన్ని లొంగదీసే కొత్త రూపం తానూ తెచ్చుకుంటుంది. అందుకే ఏ రకానికీ శాశ్వతంగా పట్టం కట్టడం కుదరదు, కేంద్రంలో నారు మడి ఖాళీగా ఉండటం కుదరదు. తొంభయ్యేడు అలా మా ఊరు విడిచిపోయింది. ఆ రకం ఇప్పటికీ పరీక్షల్లో ఉంటుందట, తెగులు తగిలితే ఎలా పడిపోతుందో పోల్చి చూడటానికి. తర్వాత కో 6907, ఆ తర్వాత అనకాపల్లిలోనే ఏరిన 87 ఎ 298 వచ్చాయి. దానికి విశ్వామిత్ర అని పేరు కూడా పెట్టారు. మా తమ్ముడు మాత్రం దాన్ని ఇంకా "రెండొందల తొంభయ్యెనిమిది" అనే అంటాడు.

పాత చెరకులన్నీ పోయాయని బాధపడేవాళ్ళకి ఒక మాట. కోయంబత్తూరు కేంద్రానికి కేరళలో కన్నూరులో ఒక తోట ఉంది. ప్రపంచంలోని చెరకు రకాలు, రెల్లు రకాలు వేల సంఖ్యలో అక్కడ బతికి ఉన్నాయి. ఏటేటా మళ్ళీ ముచ్చెలు కొట్టి నాటుతూ ఉండాలి, ఒక్క ఏడు వదిలేస్తే ఆ రకం పోయినట్టే. రేపు ఏ కొత్త తెగులొచ్చినా దానికి మందు ఆ తోటలో ఏదో దుబ్బులో ఉండొచ్చు. అలాంటి తోటకి ఖర్చు చేసే ప్రతి రూపాయీ నా దృష్టిలో సార్థకం.

మా ఊళ్ళో మాత్రం చెరకు బాగా తగ్గిపోయింది. కూలీలు దొరకరు, గడలు పడిపోకుండా ఆకులతో కలిపి కట్టే జడచుట్లు వేసేవాళ్ళు లేరు, ఏడాదంతా నేల కట్టేసుకుంటే చివరికి ధర పలకదు. రోడ్డు పక్క మడులు లేఅవుట్లయ్యాయి. తమ్ముడు ఎకరం చెరకు వేస్తున్నాడు, అది కూడా బెల్లానికి. విత్తనపు ముచ్చెలు మూడు కళ్ళవి నాటడం మానేసి, ట్రేల్లో ఒంటి కన్ను మొక్కలు పెంచి నాటుతున్నాడు. ఎకరానికి పట్టే విత్తనం బాగా తగ్గిందని సంతోషంగా ఉన్నాడు.

మావయ్య పోయి కొన్నేళ్ళయింది. ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని ఏ రకం ఎప్పుడు ఏ ఊరికి వచ్చింది, ఎవరు మొదట వేశారు, ఎందుకు వదిలేశారు అన్నది ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. చోడవరం వైపు ఒక పెద్దాయన దొడ్లో నామాల చెరకు దుబ్బు ఇంకా ఉందని తమ్ముడు కబురు చెప్పాడు. సంక్రాంతి వెళ్ళగానే అక్కడికి వెళ్తున్నాం, ఒప్పుకుంటే రెండు ముచ్చెలు అడిగి తెచ్చుకోవాలని.